తెల్ల జాకెట్లకు బుట్ట చేతులు

జగ్గయ్యపేటలోకి ఏ కొత్త ఫ్యాషన్ వచ్చినా అందరికంటే ముందు నాకు తెలిసేది. నేనేదో సోకుల మనిషినని కాదు. పెళ్ళి కాకముందు నాకున్నవి రెండు లంగాలు, రెండు వోణీలు. ఒక జత ఒంటి మీద, ఇంకో జత తాడు మీద. సంగతేమిటంటే, మెయిన్ బజారులో ఒక టైలరు కొట్టుకి నేను చేతిపని చేసిపెట్టేదాన్ని. ఆయన మిషను మీద కుట్టిన జాకెట్లు మూటగట్టి ఇంటికి తెచ్చుకుని, హుక్కులు, కాజాలు కుట్టి, చేతుల అంచులు మడిచి కుట్టి, మర్నాడు అప్పజెప్పేదాన్ని. రేపు బజార్లో ఎవరి ఒంటి మీద ఏ మోజు కనబడబోతుందో అది ఇవాళ నా ఒళ్ళో ఉండేది.

అవి అరవైలు మొదలైన రోజులు. ఫ్యాషన్ మాకు బస్సు మీద వచ్చేది. బెజవాడలో పాతబడితే నందిగామకి, నందిగామలో పాతబడితే మాకు. మా దాకా వచ్చేసరికి దానికి కొంచెం దుమ్ము పట్టి ఉండేది. అయినా మాకు కొత్తే.

మా పేట కుర్రాళ్ళకి అప్పుడే గొట్టం ప్యాంట్ల పిచ్చి పట్టింది. నులకమంచం మీద వెల్లకిలా పడుకుంటే ఇద్దరు చెరో కాలూ పట్టి లాగితేగాని ఎక్కేవి కావు. ఎక్కాక ఇక కూర్చోవడానికి వీల్లేదు. అందుకని సోడా కొట్టు దగ్గర సైకిళ్ళకి ఆనుకుని గంటల తరబడి నిలబడేవాళ్ళు. చూసేవాళ్ళు అది స్టైలనుకునేవాళ్ళు. చలవ కళ్ళద్దాలు నలుగురికీ కలిపి ఒకటే. నందిగామ స్టూడియోలో ఫొటోలు దిగినప్పుడు ఒకడి తర్వాత ఒకడు అవే పెట్టుకుని దిగారు. ఆ నాలుగు ఫొటోలూ పక్కపక్కన పెడితే ఒక తల్లి పిల్లల్లా ఉండేవాళ్ళు. వాళ్ళలో ముగ్గురు ఇప్పుడు లేరు. ఉన్న ఒక్కడికీ చూపు ఆనదు.

ఆడపిల్లలకి బుట్ట చేతులు. భుజం దగ్గర కుచ్చు పోసి, చెయ్యి మీద చిన్న బుట్ట బోర్లించినట్టు కుట్టే జాకెట్టు. బెజవాడలో నర్సు ట్రైనింగు చదివే అమ్మాయి ఒకతె సెలవులకి వచ్చి, ఆ జాకెట్టు తొడుక్కుని ఆదివారం గుడికొచ్చింది. ఆ రోజు అయ్యగారి ప్రసంగం దేని గురించో మాలో ఒక్కదానికీ తెలియదు. మా గుడి అంటే చర్చి. మేమందరం అప్పటికి మూడు తరాల నుంచీ క్రైస్తవులం, మా నోట మాత్రం అది గుడే.

గుడి నుంచి వస్తూ మా వదిన నా చెయ్యి గిల్లింది. వదిన అంటే మా మేనత్త కూతురు, నాకంటే రెండేళ్ళు పెద్దది.

"కుట్టగలవంటే అట్టాంటిది?"

"గుడ్డ దండగ," అన్నాను.

"నేను అడిగింది గుడ్డ గురించి కాదు."

"కుట్టొచ్చు. అయినా దండగే."

ఆ మాట నోటితో అన్నానేగాని, ఇంటికి వెళ్ళి పాత తలగడ గలేబు మీద బొగ్గుతో ఆ చెయ్యి గీసి చూసుకున్నాను. గలేబు ఎట్లాగూ ఉతకాల్సిందే, కాబట్టి నష్టం లేదు.

మా వదినకి దేవుడు మంచి గొంతిచ్చాడు. నాట్లప్పుడు పొలంలో పాట అందుకుంటే పక్క మడిలోవాళ్ళు కూడా వంగినవాళ్ళు వంగినట్టే వినేవాళ్ళు. కాని ఆ గొంతు పొలంలోనూ మా గుడిలోనూ తప్ప ఇంకెక్కడా వినబడలేదు. పాటలు వినబడే చోటు ఒకటుంది. క్రిస్మస్ వెళ్ళిన వారంలో నందిగామలో యువజన కూటం జరిగేది. వీరులపాడు నుంచీ, పరిటాల నుంచీ, మైలవరం వైపు నుంచీ చర్చి సంఘాలవాళ్ళంతా వచ్చేవాళ్ళు. తాటాకు పందిరి, రంగు కాగితాల తోరణాలు, ముందు మైకు. ఒక్కో సంఘం నుంచి ఒక పాటల జట్టు. మా ఊరి నుంచి ఏటా మగపిల్లలే వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వెళ్ళేది పాట కోసమా, ప్యాంటు కోసమా అన్నది మైకు ముందు నోరు తెరవగానే తేలిపోయేది.

ఆ ఏడు మేం వెళ్ళాలనుకున్నాం. మేమంటే ఆరుగురు ఆడపిల్లలం. వచ్చే ఏడు చూద్దాంలే అనుకోవడానికి లేదు. ఫిబ్రవరిలో వదిన పెళ్ళి. మైలవరం అవతల మెట్ట పల్లె, పెద్ద సంసారం, మాట్లాడితేనే గొంతు తగ్గించమనే అత్తగారని ముందే కబురొచ్చింది. ఈ ఏడు దాటితే ఆమె ఇక ఏ మైకు ముందూ నిలబడబోదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు, నాతో కూడా అనలేదు. పాట సాధన చేద్దామని మాత్రం రోజూ పిలిచేది.

వెళ్ళాలంటే మా పెదనాన్న సరేననాలి. మా నాన్నకి అన్న, సంఘ పెద్ద, మిషన్ బడిలో పంతులు. నేను చదివిన నాలుగు తరగతులూ ఆయన చేతికింద చదివినవే. ఆ తర్వాత మా అమ్మకి మిరపచేలో చెయ్యి సాయం కావాల్సొచ్చి మానేశాను. ఆయన వయసులో ఉన్నప్పుడు సంఘంలో పాట ఎత్తుకునేవాడు. తాళం తప్పితే ప్రార్థన మధ్యలోనైనా కళ్ళు తెరిచి చూసే మనిషి. ఇంటి దగ్గర ఆయన్ని నువ్వు అనేవాళ్ళం, గుడి దగ్గర మీరు అనేవాళ్ళం. ఈ సంగతి అడగడానికి నేను ఇంటికే వెళ్ళాను.

"ఆడపిల్లలు బస్సెక్కి పొరుగూరు పోయి పదూళ్ళ జనం ముందర నిలబడతారా?" అన్నాడు, దిద్దుతున్న పలక మీద నుంచి చూపు ఎత్తకుండానే.

"పాడటానికేగా పెదనాన్నా."

"పాడటానికని పోతారు. అక్కడ చూడటానికని వచ్చేవాళ్ళుంటారు. మనవాళ్ళు ఆ ప్యాంట్లు తొడుక్కుని పోయినప్పుడు ఏమన్నారో ఎరుగుదువా? జగ్గయ్యపేట సంఘం కొంగల్లాగా ఉందన్నారు."

"మేం ప్యాంట్లు తొడుక్కోం గదా."

అప్పుడు తలెత్తాడు. నవ్వలేదు, కాని పలక కింద పెట్టాడు. మా వదిన పెళ్ళి సంగతి ఆయనకి తెలియనిది కాదు. ఆమె ఆయనకి స్వయానా చెల్లెలి కూతురు.

"అందరూ ఒకే తీరున రావాలి," అన్నాడు. "రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే సంస్కారం ఆదివారాలకి మీ అమ్మలు కట్టే తెల్ల చీరలున్నాయిగా, అవి కట్టండి. తెల్ల జాకెట్టు. చేతులు మోచేతి దాకా ఉండాల. రంగులొద్దు, సోకులొద్దు. బయలుదేరే ముందురోజు సాయంత్రం ఆ బట్టల్లోనే గుడి దగ్గర పాడి వినిపించండి. అప్పుడు చెప్తా."

జాకెట్ల గుడ్డ సంఘం తరపున ఆయనే కొనిచ్చాడు. తెల్ల పాప్లిన్. ఆరుగురికి సాదా చేతులతో సరిగ్గా సరిపోయేంత కొని, ముక్క కూడా ఎక్కువ తీసుకోలేదు. పొదుపు మా ఇంట్లో నాతో మొదలవలేదు.

ఆ గుడ్డ తీసుకుని నేనూ వదినా టైలరు కొట్టుకి వెళ్ళాం. ఆయన పెద్దాయన, హిందువు, నేను బాబాయి అనేదాన్ని. చెవి మీద సుద్దముక్క, మెడలో టేపు, నోట్లో ఎప్పుడూ ఒక గుండుసూది. ఆ సూది తీయకుండానే మాట్లాడేవాడు.

"ఇందులో బుట్ట చేతులు రావు అమ్మాయ్. కుచ్చుకి గుడ్డ ఏదీ?"

నేను గుడ్డ బల్ల మీద పరిచాను. చేతులన్నీ ఒకే వైపుకి గీసి కత్తిరిస్తే మధ్యలో ముక్కలు ముక్కలుగా పోతుంది. ఒకటి తలకిందులుగా, ఒకటి నిలువుగా ఒకదాని పక్కన ఒకటి దూర్చి గీస్తే ఒక్కో చేతికి నాలుగు వేళ్ళ మేర మిగులుతుంది. సుద్ద తీసుకుని గీసి చూపించాను. ఆయన నోట్లో సూది తీసి బల్లకి గుచ్చాడు.

"నా కొట్లో కత్తెర పట్టుకునేది నువ్వా, నేనా?"

"మీరే బాబాయ్. మిగిలేది వృథాగా పోతుందని చెప్తున్నా."

"మీ పెదనాన్న సోకులొద్దన్నాడని చెప్పావు."

"గుడ్డ ఎక్కువ అడగలేదు గదా. ఉన్నదాంట్లోనే వచ్చేది సోకెట్టా అవుద్ది?"

వదిన నా వెనక నిలబడి పమిట నోట్లో కుక్కుకుంటోంది. నిజం చెప్పాలంటే అది పొదుపు కాదు, సోకే. దానికి పొదుపు చీర కట్టి తీసుకెళ్ళాను. బుట్ట చిన్నదిగా పెట్టండి, దూరం నుంచి చూస్తే సాదా చెయ్యిలా ఉండాలి, దగ్గర నుంచి చూస్తే మాకు తెలియాలి అని చెప్పి వచ్చాం. చేతులు మోచేతి దాకానే ఉన్నాయి, ఆ మాట తప్పలేదు.

క్రిస్మస్ పనుల ఒత్తిడిలో ఆయన జాకెట్లు ఇచ్చేసరికి బయలుదేరే ముందురోజు పొద్దున అయింది. మూట ఇస్తూ ఆయన ముఖం అదోలా ఉంది. ఏదో చెప్పబోయి మానుకుని, "పిల్లలందరికీ మంచి జరగాల," అన్నాడు. సరే బాబాయ్ అని వచ్చేశాను. ఇంటికొచ్చి వదిన ముందు మూట విప్పాను. కుట్టు చక్కగా ఉంది, బుట్టలు ముద్దుగా ఉన్నాయి. హుక్కులు కుడదామని మొదటిది తిప్పానో లేదో, కుడిచేతి అంచున వేలి ముద్దరంత పసుపు. రెండోది తీశాను, దానికీ పసుపే. ఆరింటికీ ఉంది.

కొత్తబట్ట కట్టేముందు మూలకి పసుపు పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. జాకెట్టుకి మూలలెక్కడివి, అందుకని చేతి అంచున పెట్టాడు. మా ఇళ్ళలో పసుపు కూరలో పడేదేగాని గడపకి ఎక్కేది కాదు, బట్టకి అంటేది కాదు. మా తాతలు మతం పుచ్చుకున్నప్పుడు వదిలిపెట్టిన వాటిలో అదొకటి. ఇంకెవరైనా చూసీ చూడనట్టు పోతారేమో, మా పెదనాన్న పోడు. పెళ్ళి శుభలేఖ అంచున పసుపు ఉందని తిప్పి పంపిన మనిషి.

వదిన మంచం మీద కూలబడింది.

"ఇంక పోయినట్టే," అంది.

"ఊరుకో. ఉతికితే పోద్ది."

ఇక్కడే నేను బుద్ధి తక్కువ పని చేశాను. దాచిపెట్టిన బట్టల సబ్బు ముక్క తీసి, పైనున్న జాకెట్టు అంచు తడిపి గట్టిగా రుద్దాను. చూస్తుండగానే ఆ పసుపు ఎర్రబడింది. ఇటుక రంగు కూడా కాదు, అచ్చం కుంకుమే. సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుతుందని ఆడపుట్టుక పుట్టినవాళ్ళందరికీ తెలిసి ఉండాలి. కాని తెల్లబట్ట మీద కూర ఒలికినప్పుడు కదా తెలిసేది. మా ఇళ్ళలో తెల్లబట్ట కట్టుకుని కూర కలుపుకునేవాళ్ళు ఎవరు?

"పసుపుంటేనే ఒప్పుకోడు," అంది వదిన. "నువ్వు బొట్టు కూడా పెట్టావు."

ఆ జాకెట్టు వదినదే. నాకు నవ్వు రాలేదు, ఆమెకీ రాలేదు. మూట చంకన పెట్టుకుని, తడి జాకెట్టు చేత్తో పట్టుకుని, ఇద్దరం బజారుకి పరిగెత్తాం.

టైలరు బాబాయి తడి జాకెట్టు చూసి ముందు కంగారుపడ్డాడు, తర్వాత సంగతి విని చిన్నబుచ్చుకున్నాడు.

"మీకు పనికిరాదని నాకు తెలుసమ్మా. తెలిసే పెట్టా."

"తెలిసి ఎందుకు పెట్టారు బాబాయ్?"

"పెళ్ళి కావాల్సిన పిల్లలు ఆరుగురు. తల నుంచి కాళ్ళ దాకా తెల్లవి కడతారంట. ఈ పిల్లకైతే రెండు నెలల్లో పెళ్ళి. నా చేత్తో కుట్టిచ్చి ఉత్త తెలుపు ఎట్టా ఇస్తా? నాకు చెయ్యి రాలా." గుండుసూది తీసి పక్కన పెట్టాడు. "మీ దేవుడికి తెలుపు మంచిదే కావొచ్చు. మా వైపు ఆడపిల్లకి తెలుపంటే వేరే అర్థం."

కోపం తెచ్చుకుందామంటే కోపం రాలేదు. ఆయన భార్య లోపల్నుంచి వచ్చి జాకెట్టు నా చేతిలోంచి లాక్కుంది. "చేసిన ఘనకార్యం చాలుగాని మీరు జరగండి," అని మొగుణ్ణి పక్కకి నెట్టి, మా వైపు తిరిగింది. "సబ్బెవరు పెట్టమన్నారే? మిగతా వాటికి పెట్టలేదు గదా? బతికిపోయారు. నిమ్మచెక్క రుద్దండి, ఎరుపు విరుగుద్ది. నీళ్ళలో జాడించి ఎర్రటెండలో వెయ్యండి. పసుపుకి మందు ఎండే. ఎండ తాగిస్తే అదే పోద్ది."

ఆమె పెరట్లోనే నిమ్మచెట్టు. రుద్దగానే ఆమె చెప్పినట్టే ఎరుపు విరిగి మళ్ళీ పసుపైంది. అంత సంతోషంగా పసుపు మొహం నేనెప్పుడూ చూడలేదు. ఆరు జాకెట్లూ జాడించి వాళ్ళ రేకుల వసారా మీద పరిచాం. డిసెంబరు ఎండకి ఏం బలముంటుంది? గంటకోసారి నిచ్చెన ఎక్కి తిప్పి వేస్తూ, నీడ జరిగినకొద్దీ జాకెట్లు జరుపుతూ, మధ్యలో ఒక్కొక్కటే కిందికి దించుకుని హుక్కులు కుట్టాను. ఆమె మాకు ఇంత మజ్జిగ పోసింది. పొద్దు వాలేసరికి అయిదింటికి మచ్చ కనబడనంత పోయింది. వదిన జాకెట్టుకి మాత్రం, తెలిసి వెతికేవాళ్ళకి కనబడేంత, లేత గంధం రంగు మిగిలింది.

దీపాలు పెట్టేవేళకి గుడి దగ్గర వరసగా నిలబడ్డాం. పెట్రోమాక్సు లైటు బుస్సుమంటోంది. పెదనాన్న బల్ల మీద కూర్చుని పాట మొత్తం కళ్ళు మూసుకుని విన్నాడు. పాట అయ్యాక లేచి, లైటు చేత్తో పట్టుకుని వరస మొదటి నుంచీ ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చాడు. వదిన మధ్యలో ఉంది, పక్కన నేను. ఆయన వదిన ముందు ఆగి లైటు భుజం దాకా ఎత్తాడు. ఎత్తి అట్లాగే ఉంచాడు.

"మేం పెట్టలేదండి," అన్నాను. "టైలరు బాబాయి పెట్టాడు. పెళ్ళికావాల్సిన పిల్లలు తెల్లవి కడుతున్నారని మనసొప్పక పెట్టాడంట. నిమ్మకాయ రుద్దాం, ఎండలో వేశాం. ఈ ఒక్కదానికే కాస్త మిగిలింది. అది నేను సబ్బు పెట్టబట్టి."

"ఏం పెట్టాడు?" అన్నాడు పెదనాన్న.

"పసుపండి."

"పసుపా? ఎక్కడ?"

ఆయన చూడనేలేదు. ఆ వయసులో ఆయన కళ్ళకి ఆ మచ్చ ఆనదు. చూస్తున్నది భుజం మీది బుట్టల్ని. వదిన నా కాలు తొక్కింది, ఇంకెందుకు తొక్కడం. చెయ్యి చాపి అంచు చూపించింది. ఆయన వంగి, అంచు వేళ్ళతో పట్టుకుని, లైటు దగ్గరకి తెచ్చుకుని చాలాసేపు చూశాడు. మా నందిగామ అక్కడితో సరి అనుకున్నాను.

"పసుపు పెట్టింది ఆయన," అన్నాడు చివరికి అంచు వదిలేసి. "మంచి జరగాలని పెట్టాడు. అది దేవుడు చూసుకుంటాడు. ఈ బుట్టలు పెట్టించింది ఎవరు?"

"నేనండి."

"ఇవి నేను చూసుకుంటా."

గుడ్డ ఎక్కువ పట్టలేదని, తలకిందులుగా గీసి మిగిల్చామని చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపాడు.

"నీ లెక్కలు నాకు చెప్పకు, నీకు లెక్కలు నేర్పింది నేనే. విప్పి కుట్టేందుకు టైమ్ లేదు, పొద్దున్నే బస్సు. పమిట రెండు భుజాల మీదుగా తిప్పి నిండుగా కప్పుకోండి. మైకు దగ్గర కూడా ఆ పమిట దిగడానికి వీల్లేదు. సరేనంటే రండి, లేకపోతే ఇక్కడే ఆగిపోండి."

వదిన నాకంటే ముందు తలూపింది.

పొద్దున్న బస్సులో ఆరుగురం పమిటలు కప్పుకుని కూర్చున్నాం. కప్పుకున్నాక ఆ బుట్టలు అణగవు కదా, గుడ్డ కింద భుజాల మీద పొంగి ఎడ్ల మూపురాల్లా కనబడ్డాయి. మా కుర్రాళ్ళు వెనక సీటు దగ్గర నిలబడి వస్తున్నారు, ప్యాంట్ల మూలాన కూర్చోలేక. వాళ్ళలో ఒకడు, "ఏందే, చలా?" అన్నాడు. వదిన వెనక్కి తిరగకుండానే, "మీరు సీటుంటే కూర్చోండన్నా, నిలబడి కాళ్ళు నొప్పి పుడతాయి," అంది. చిల్లకల్లు దాకా వాళ్ళ వైపు నుంచి మళ్ళీ మాట లేదు.

నందిగామ పందిట్లో అంత జనాన్ని నేనెప్పుడూ చూడలేదు. నైలాన్ రిబ్బన్లు, రెండు జడలు, పూల గౌన్లు, కోటు వేసుకున్నవాళ్ళు, భుజానికి ట్రాన్సిస్టరు తగిలించుకున్న ఒకాయన. నీళ్ళ తొట్టి దగ్గర పరిటాల నుంచి వచ్చిన ఒక పిల్ల మా చుట్టూ తిరిగి చూసింది.

"ఇట్టా కప్పుకోవడం కొత్త ఫ్యాషనా అక్కా?"

"అవునమ్మా," అంది వదిన. "మా జగ్గయ్యపేటలో ఇప్పుడు అందరూ ఇట్టాగే."

ఆ పిల్ల అక్కడే పమిట తిప్పి కప్పుకుని చూసుకుంది. మరుసటి ఏడు అదే పందిట్లో రెండు ఊళ్ళ జట్లు రెండు భుజాల మీదా పమిటలు కప్పుకుని వచ్చి పాడాయి. మా పెదనాన్న వేసిన శిక్ష ఫ్యాషనైంది. ఆ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం మాకు లేకపోయింది.

మధ్యాహ్నం మా ఊరి పేరు పిలిచారు. మైకు ముందు వదిన, అటూ ఇటూ మేం. పెదనాన్న ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మొదటి చరణం బాగానే వెళ్ళింది. వదిన గొంతు మైకులోంచి పందిరి అవతలికి వెళ్ళి, రోడ్డు మీద పోయే బండివాళ్ళు ఆగడం నాకు కనబడింది. రెండో చరణంలో పాట పైకి వెళ్ళే చోట ఆమె ఎప్పుడూ చెయ్యెత్తుతుంది. పొలంలో పాడినప్పుడూ అంతే. చెయ్యెత్తింది. ఎత్తగానే కుడి భుజం మీద పమిట జారింది, తర్వాత ఎడమది. తెల్ల బుట్టలు రెండూ జనం ముందర బయటపడ్డాయి.

నేను పక్కనే ఉన్నాను. చెయ్యి చాపి లాగి కప్పవచ్చు. చెయ్యి సగం చాపాను కూడా. ఆమె మొహం చూసి వెనక్కి తీసుకున్నాను. ఆ మొహంలో పమిట లేదు, పెళ్ళి లేదు, మేం కూడా లేము. మేమైదుగురం భయపడి, పాట ఎంత తొందరగా అయిపోతే అంత మంచిదని తాళం తొందరపెట్టాం. ఆమె ఒక్కతే నిదానంగా, ఏ స్వరం ఎంతసేపు నిలవాలో అంతసేపు నిలిపి పాడింది. మేం ముందు పరిగెత్తి, సిగ్గుపడి, మళ్ళీ వెనక్కి వచ్చి ఆమెతో కలిశాం. పెదనాన్న వైపు చూడాలంటే భయమేసింది. చూస్తే, ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. అవి ఎప్పుడు మూసుకున్నాడో నాకు తెలియదు.

మాకు బహుమతి రాలేదు. వీరులపాడు జట్టుకి వచ్చింది, వాళ్ళలో హార్మోనియం వాయించేవాడున్నాడు. వదిన ఆ సంగతి పట్టించుకున్నట్టు లేదు. పందిట్లో పెట్టిన పులిహోర రెండుసార్లు అడిగి పెట్టించుకుంది.

సాయంత్రం బస్సు కిటకిటలాడుతోంది. కోళ్ళ గంపలు, మిరప బస్తాలు, నందిగామ సంత నుంచి వచ్చే జనం. పెదనాన్న మా ముందు సీట్లో కూర్చున్నాడు. పమిట సంగతి ఎత్తుతాడని ఆరుగురం భుజాలు మునగదీసుకుని కూర్చున్నాం. ఊరు దాటాక వెనక్కి తిరిగాడు.

"రెండో చరణంలో తొందరపడ్డారు," అన్నాడు. "ఈ పిల్ల తప్ప మీరంతా పరిగెత్తారు. వెనకాల పులేమైనా తరిమిందా?"

మేమైదుగురం వదిన వైపు చూశాం.

"మళ్ళీ పాడండి."

"ఇక్కడా?" అన్నాను.

"తప్పు చేసినకాడే దిద్దుకోవాలంటే నందిగామకి వెనక్కి పోవాల. అంత వీలు లేదు. పాడండి."

వదిన అతి మామూలుగా అడిగింది. "మావయ్యా, కప్పుకుని పాడాలా?"

ఆయన ముందుకి తిరిగి కూర్చున్నాడు. "కప్పుకుంటే తాళం కుదురుద్దంటే కప్పుకోండి," అన్నాడు.

ఎవరం కప్పుకోలేదు. బస్సు నిండా జనం, కోళ్ళు, బీడీ పొగ. ఆరుగురం అందుకున్నాం. కండక్టరు టిక్కెట్లు కొట్టడం ఆపి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మా కుర్రాళ్ళలో ఒకడు సీటు వెనక దరువు మొదలుపెడితే పెదనాన్న వేలు చూపించి ఆపించాడు. చిల్లకల్లు వచ్చేలోపల మూడుసార్లు పాడించాడు. మూడోసారికిగాని ఆయనకి రెండో చరణం నచ్చలేదు.